వెనుక వచ్చే బరువు



ఈ నెల మీతో ఒక పడవ ప్రయాణమును గూర్చి మాట్లాడవలెనని ఉన్నది. అయితే ఇది నీటి మీద జరిగిన ప్రయాణము కాదు. తారు రోడ్డు మీద, ఒక బండి వెనుక, రెండు చక్రముల మీద ఒక పడవ చేసిన ప్రయాణము. "మా ఊళ్ళో పడవలు రోడ్డెక్కవు కదా, మాకెందుకండీ ఈ కథ?" అని మీరు అనవచ్చును. దయచేసి చివరి వరకు చదవండి. మీ వాకిట్లో ట్రాక్టరు ఉన్నా, మీ పిల్లలు ట్రాక్టరు ట్రాలీ ఎక్కి తిరుగుతూ ఉన్నా, ఈ సంగతి మీకు కూడా చెందినదే.

2023 వేసవిలో నేనూ మా ఇంటావిడా అమెరికా దేశములో, టెక్సాస్ రాష్ట్రములోని ప్లానో పట్టణములో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. మా అల్లుడు అక్కడ కంప్యూటరు ఉద్యోగము చేస్తున్నాడు. పుట్టినది గోదావరి ఒడ్డున. చిన్నతనములో కాలువ గట్టున గాలము పట్టుకొని కూర్చున్నవాడు ఎక్కడికి వెళ్ళినా ఆ సరదా మానుకోలేడు కదా! అక్కడ ఒక పాత చేపల పడవను, దానిని మోసే ట్రైలరును కొన్నాడు. ఆ రెంటినీ లాగడానికి పికప్ ట్రక్కు ఉన్నది. పికప్ అంటే ముందు మనుషులు కూర్చునే గది, వెనుక సామాను వేసుకొనే పైకప్పు లేని తొట్టి ఉండే బండి.

ఆ దేశములో సరదాకు చేపలు పట్టేవారు చాలామంది పడవను నీటి ఒడ్డున కట్టి ఉంచరు. ఇంటి పక్కనే ట్రైలరు మీద ఉంచుకొంటారు. సెలవు దినము రాగానే బండికి తగిలించి, యాభై, వంద మైళ్ళు లాక్కొని పోయి, జలాశయములో దించుకొని, సాయంత్రము మరల ఇంటికి తెచ్చుకొంటారు. పడవను నీటిలో దించడానికి ఒడ్డున వాలుగా కట్టిన సిమెంటు రేవులు ఉంటాయి.

మేము వెళ్ళదలచినది టెక్సోమా జలాశయము. ప్లానోకు ఉత్తరముగా, టెక్సాస్, ఓక్లహోమా రాష్ట్రముల సరిహద్దున, రెడ్ రివర్ అనే నది మీద ఉన్నది. 1944 లో పూర్తయిన డెనిసన్ ఆనకట్ట వలన ఆ నీరు నిలిచినది. అక్కడ దొరికే పేరుపొందిన చేప చారల బాస్. అసలు అది సముద్రపు చేప. మన పులస గోదావరికి ఎదురెక్కి వచ్చినట్లే, గుడ్లు పెట్టడానికి నదులలోనికి ఎక్కి వస్తుంది. టెక్సోమాలో మనుషులు వదలిన ఆ చేపలు అక్కడి నదులనే ఆధారము చేసుకొని, తమంతట తామే పిల్లలను పెట్టుచు నిలిచిపోయినవి. ఈ మాట చెప్పగానే నాకు కూడా ఉత్సాహము పుట్టినది.

శనివారము తెల్లవారకముందే మా అల్లుడు బండిని వెనుకకు నడిపి ట్రైలరుకు తగిలించాడు. నేను లాంతరు పట్టినట్లు చేతిలో టార్చిలైటు పట్టుకొని పక్కనే నిలబడ్డాను. మా మనవడికి పదకొండేళ్ళు. వాడు నాకు ఒక్కొక్కటీ వివరించి చెప్పడము మొదలుపెట్టాడు.

"తాతయ్యా, ఇదిగో ఈ గుండు చూడు. దీని మీద ట్రైలరు ముక్కు కూర్చుంటుంది."

నిజమే. బండి వెనుక ఒక ఇనుప గుండు ఉన్నది. ట్రైలరు ముందు కొసన దాని మీద బోర్లించే గిన్నె వంటి భాగము ఉన్నది. గుండు మీద గిన్నె కూర్చోగానే లోపలి నాలుక గుండు కిందికి వచ్చి పట్టుకొంటుంది. పైన గొళ్ళెము వేసి, దానికొక పిన్ను గుచ్చుతారు. ఈ గుండ్లలో సాధారణముగా మూడు కొలతలు ఉంటాయట: ఒకటి ముప్పాతిక అంగుళము కంటె కొద్దిగా పెద్దది, రెండు అంగుళములది, రెండుంపావు కంటె కొద్దిగా పెద్దది. ఎంత కొలతో గుండు మీదనే ముద్ర వేసి ఉంటుంది. రెండంగుళముల గిన్నెను చిన్న గుండు మీద పెడితే చక్కగా కూర్చున్నట్లే కనబడుతుంది, గొళ్ళెము కూడా పడుతుంది. రోడ్డు మీద ఒక గుంట తగిలితే మాత్రము ఎగిరి ఊడిపోతుంది. కనుక కళ్ళతో చూచి ఊరుకోరాదు. తగిలించిన తరువాత ట్రైలరు ముందున్న జాకీని మరికాస్త తిప్పి చూడవలెను. బండి వెనుక భాగము కూడా ట్రైలరుతో కలిసి పైకి లేస్తే గుండు గట్టిగా పట్టినట్లు. ట్రైలరు ఒక్కటే లేస్తే పట్టు లేనట్లు. మా అల్లుడు అలాగే చేసి చూచాడు.

తరువాత రెండు గొలుసులు తీసి, కుడి గొలుసును ఎడమకు, ఎడమ గొలుసును కుడికి, కత్తెర ఆకారములో బండికి తగిలించాడు.

"గుండు అంత గట్టిగా పట్టుకొన్నది కదా, మరల ఈ గొలుసులెందుకు?" అని మనవడిని అడిగాను.

"అది ఊడిపోతే, తాతయ్యా! ట్రైలరు ముక్కు రోడ్డు మీద పడి గుచ్చుకోకుండా ఈ గొలుసులు ఊయలలాగా కింద పట్టుకుంటాయి. వేరేవాళ్ళ మీదకి పోకుండా కూడా."

ఆ మాటకు నేను బదులు చెప్పలేదు. నా మనసు 1995 వ సంవత్సరములోని మా ఊరి కాలువ గట్టు మీదకు పోయినది. ఆ సంగతి తరువాత చెబుతాను.

సామాను సర్దడము మొదలైనది. బండి తొట్టిలో మా ఇంటావిడ పులిహోర గిన్నెలు, దుప్పట్లు, పిల్లల సైకిళ్ళు పెట్టారు. మంచుగడ్డలు నింపిన రెండు పెద్ద పెట్టెలు, ఇరవై లీటర్ల పెట్రోలు డబ్బాలు రెండు, డేరా, ఇనుప కుర్చీలు, లంగరు, ఇవన్నీ మా అల్లుడు పడవలో వేశాడు. పడవ వెనుక భాగము వెడల్పు గనుక అక్కడ చోటు ఎక్కువ. అన్నీ వెనుకనే సర్దాడు. పడవ ఇంజను ఎటూ వెనుకనే ఉంటుంది.

పాఠకులారా, నాకు అప్పుడే అనుమానము వచ్చినది. "వెనుక బరువెక్కువైనదేమో" అని నోటి చివరి వరకు వచ్చినది. కాని అల్లుడి ఇంటికి వచ్చినవాడిని, పరాయి దేశము, తెలియని బండి. నాకెందుకులే అని ఊరుకొన్నాను. ఆ ఊరుకోవడము తప్పని మరొక గంటలోనే తెలిసినది.

75 వ నంబరు రహదారి ఎక్కి ఉత్తరముగా వెళ్ళుచున్నాము. షెర్మన్ పట్టణము ఇంకా రాలేదు. గంటకు 65 మైళ్ళ వేగము, అంటే సుమారు 105 కిలోమీటర్లు. రోడ్డు కొద్దిగా పల్లమునకు దిగుచున్నది. అంతలో ఒక పెద్ద లారీ మమ్మును దాటిపోయినది. దాని గాలి తగలగానే వెనుక పడవ కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి ఊగినది. అదే తగ్గుతుందిలే అనుకొన్నాము. తగ్గలేదు. ప్రతి ఊపు ముందు ఊపు కంటె పెద్దదైనది. చేప తోక ఆడించినట్లు పడవ మా బండి వెనుక భాగమును ఇటూ అటూ విసరసాగినది. వెనుక సీటులో మా అమ్మాయి కేక వేసినది. పక్క వరుసలో ఒక చిన్న కారు, అందులో ఒక తల్లి, ఇద్దరు పసిపిల్లలు. వారి ముఖములు నాకు ఇప్పటికీ గుర్తున్నవి.

బండి వెనుక నుండి నెట్టబడుతూ ఉంటే ఎవరికైనా కాలు బ్రేకు మీదకే పోతుంది. మా అల్లుడు బ్రేకు తొక్కలేదు. స్టీరింగును అటూ ఇటూ తిప్పకుండా రెండు చేతులతో నిటారుగా పట్టుకొని, ఆక్సిలరేటరు మీద నుండి కాలు మెల్లగా తీశాడు. వేగము 60 కి, 55 కి, 50 కి దిగినది. ఊపు దానంతట అదే సన్నగిలినది. తరువాత పక్కకు తీసి, పెట్రోలు బంకు ఆవరణలో ఆపాడు. ఎవరూ ఒక నిమిషము మాట్లాడలేదు.

బ్రేకు ఎందుకు తొక్కలేదని తరువాత అడిగాను. అతడి ట్రైలరుకు ఉన్నవి తోపుడు బ్రేకులు. ముందు బండి నెమ్మదించగానే వెనుక ట్రైలరు దానిని తోస్తుంది. ఆ తోపుకు ముక్కు దగ్గరి గొట్టము లోనికి జరిగి, నూనెను నొక్కి, ట్రైలరు చక్రములకు బ్రేకు వేస్తుంది. సూటిగా పోవునప్పుడు అది చక్కగా పని చేస్తుంది. కాని ట్రైలరు పక్కకు తిరిగి ఉన్న క్షణములో ముందు బండి గట్టిగా బ్రేకు వేస్తే, వెనుక బరువంతా వంకరగా వచ్చి తోస్తుంది. చాకు మడత పడినట్లు రెండూ మడత పడవచ్చును. అందుచేత ఊపు పుట్టినప్పుడు చేయవలసినది ఒక్కటే: స్టీరింగు నిలకడగా పట్టుకొని, కాలు తీసి, వేగమును తనంతట తాను తగ్గనివ్వడము.

"గాలి వల్ల అనుకుంటాను మామయ్యగారూ" అన్నాడు అల్లుడు.

"గాలి నెట్టిన మాట నిజమే అల్లుడుగారూ. కాని గాలి ఆగిన తరువాత కూడా ఊగింది కదా! ముక్కు దగ్గర బరువు చాలడము లేదు. మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాట చెబుతాను" అన్నాను.

అప్పుడు మా నాన్నగారి రెండెద్దుల బండి సంగతి చెప్పాను. బండికి గడ్డి గాని ధాన్యపు బస్తాలు గాని వేయునప్పుడు ఆయన ప్రతి నాలుగు బస్తాలకు ఒకసారి కాడిని చేతితో ఎత్తి చూచేవారు. ముందు బరువు మరీ ఎక్కువైతే ఎద్దుల మెడలు పుండు పడతాయి. వెనుక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడ పలుపులు గొంతుకు బిగుసుకొంటాయి. ఎద్దులకు ఊపిరాడదు, కాలు నిలవదు. కనుక కాడి మెడ మీద కొద్దిగా బరువుగా కూర్చోవలెను. ఇరుసుకు ముందు కాస్త మొగ్గు ఉండవలెను. మోటారు బండ్లు వచ్చినా ఈ లెక్క మారలేదు. ట్రైలరు మొత్తము బరువులో నూటికి 10 నుండి 15 వంతుల వరకు ముక్కు మీద ఉండవలెనని ఆ దేశములోని పుస్తకములు కూడా చెబుతాయి. పడవలకు ఇంకొంచెము తక్కువైనా పరవాలేదనేవారు ఉన్నారు. కాని నూటికి 5 కంటె దిగితే తోక ఊపు వచ్చే ప్రమాదము ఎక్కువ.

నేను బడిలో లెక్కలు చెప్పిన మేష్టరును గనుక కాగితము తీశాను. మీరు కూడా చూడండి. పడవ, ఇంజను, ట్రైలరు కలిసి 1,300 కిలోలు. ఖాళీగా ఉన్నప్పుడు ముక్కు మీద 130 కిలోలు, అంటే సరిగ్గా నూటికి పది. ఇరుసు నుండి ముక్కుకు 5 మీటర్ల దూరము. మేము పెట్టిన సామాను సుమారు 150 కిలోలు, ఇరుసుకు 2 మీటర్లు వెనుక. తూగుడు బల్ల మీద పిల్లలు కూర్చున్నట్లే ఇది. వెనుక పెట్టిన బరువు ముక్కును పైకి లేపుతుంది. 150 ని 2 చేత గుణించి 5 చేత భాగిస్తే 60. అంటే ముక్కు మీద 60 కిలోలు తగ్గి, 70 మాత్రమే మిగిలినది. మొత్తము బరువు 1,450 అయినది. నూటికి ఐదుకు కూడా తక్కువ! ముక్కు మీద ఉండవలసిన బరువులో సగము మేమే మా చేతులతో తీసివేశాము.

మందు కూడా సులభమే. మంచుపెట్టెలను, డబ్బాలను, లంగరును బండి తొట్టిలోనికి మార్చాము. సైకిళ్ళ వంటి తేలిక వస్తువులను పడవలో ఇరుసుకు ముందు పెట్టాము. దానికి ముందు మా అల్లుడు డ్రైవరు తలుపు చట్రము మీద అతికించిన చీటీని చదివాడు. ఆ బండిలో మనుషులు, సామాను అంతా కలిసి ఎంత బరువు దాటకూడదో అందులో వ్రాసి ఉంటుంది. ట్రైలరు ముక్కు బండి మీద మోపే బరువు కూడా ఆ లెక్కలోనే చేరుతుంది. బండి ఇన్ని వేల పౌన్లు లాగగలదని ప్రకటనలో చూచి మురిసిపోయేవారు ఈ చిన్న చీటీని మరచిపోతారు. లాగే శక్తి చాలినా, మోసే శక్తి ముందుగానే అయిపోవచ్చును.

సామాను మారుస్తూ ఉండగా మనవడు అడిగాడు: "తాతయ్యా, ఇందాక గొలుసుల దగ్గర ఎందుకు మాట్లాడలేదు?"

పిల్లలు అన్నీ గమనిస్తారు. ఇక దాచడము మంచిది కాదని వాడికీ, వాడి తండ్రికీ చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నేనూ మా తమ్ముడూ కలిసి 1994 లో ఒక ట్రాక్టరు, రెండు చక్రముల ట్రాలీ కొన్నాము. 1995 డిసెంబరులో సార్వా ధాన్యము ఇంటికి చేరవేయుచున్నాము. ఆ దినము బడికి సెలవు గనుక ట్రాక్టరు నేనే నడిపాను. ట్రాలీని ట్రాక్టరుకు కలిపే పెద్ద పిన్ను పైకి లేవకుండా కింద ఒక చీల ఉంటుంది. ఆ చీల రెండు దినముల క్రిందట ఎక్కడో పడిపోయినది. బజారులో దాని వెల ఎంత? ఒక టీ ఖరీదు. రేపు తెద్దాము, ఎల్లుండి తెద్దాము అనుకొంటూ, చీల స్థానములో ఒక తీగ ముక్క చుట్టాను. నేనే చుట్టాను. మరెవరూ కాదు.

పొలములో బస్తాలు ఎక్కించువారు దగ్గరగా ఉన్నదని ట్రాలీ వెనుక భాగములోనే ఎక్కువ వేశారు. చీకటి పడుతున్నదని నేను సర్దించలేదు. పొలము నుండి కాలువ గట్టు ఎక్కునప్పుడు ట్రాలీ వెనుక బరువుకు ముందు భాగము పైకి లేచినది. పిన్నును పైకి నెట్టినది. తీగ తెగినది. ట్రాలీ ఊడి వెనుకకు దొర్లినది. గొలుసు లేదు. వెనుక నడచి వస్తున్న మా పేట యువకుడు ఒకడు పక్కకు దూకాడు. కాని కుడి పాదము చక్రము కిందికి వచ్చినది.

అతడు బ్రతికాడు. మూడు నెలలు మంచములో ఉన్నాడు. ఖర్చులు మేము పెట్టుకొన్నాము. కాని పాదము మరల మునుపటిలాగ కాలేదు. ఇప్పుడు అతడికి ఏబది దాటినవి. మా వీధిలో కుంటుతూ నడచి వెళ్ళునప్పుడు "బాగున్నారా మేష్టారూ?" అని నవ్వుతూనే పలకరిస్తాడు. ఒక్కనాడు నన్ను నిందించలేదు. నిందించి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

మా అల్లుడు అంతా విని, మాట్లాడకుండా వెళ్ళి, గొలుసులను, గొళ్ళెమును, పిన్నును మరియొకసారి చేతితో కదిలించి చూచి వచ్చాడు. తరువాత, "మామయ్యగారూ, మీకు ఏదైనా తప్పు కనిపిస్తే ఇకమీదట ముందే చెప్పండి. నేనేమీ అనుకోను" అన్నాడు. నాకు ఆ మాట చాలా విలువైనదిగా తోచినది.

బయలుదేరే ముందు ట్రైలరు చక్రముల నడిమి బొడిపెలను ముట్టి చూడమని నాకు చూపించాడు. చేతికి గోరువెచ్చగా తగిలితే మంచిదే. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే లోపల బేరింగుకు గ్రీజు చాలడము లేదని అర్థము. పడవ ట్రైలరుకు ఇంకొక ఆపద ఉన్నది. దూరము నడచి వేడెక్కిన చక్రములను రేవులో చల్లని నీటిలో ముంచుతారు. లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకొనిపోయి, సీలు పక్క నుండి నీటిని లోనికి పీల్చుకొంటుంది. నీరు చేరిన బేరింగు తుప్పు పట్టి, ఒకనాడు రోడ్డు మధ్యలో చక్రమునే ఊడదీస్తుంది. అందుకే రేవు చేరగానే కొంతసేపు ఆగి, చల్లారిన తరువాత నీటిలోనికి దించుతారు. స్ప్రింగు ఉన్న గ్రీజు మూతలు వేసి లోపల ఎప్పుడూ గ్రీజు నిండుగా ఉండేలా చూచుకొంటారు. టైర్లను గూర్చి కూడా చెప్పాడు. కొన్ని ట్రైలరు టైర్లకు గంటకు 65 మైళ్ళే హద్దు. తక్కువ తిరుగుతాయి గనుక వాటి అచ్చు అరగకముందే ఎండకు పక్కలు పగులుతాయి. అచ్చు కొత్తగా ఉన్నదని మోసపోరాదు.

టెక్సోమా రేవుకు చేరాము. పడవ అడుగున నీరు పోవడానికి ఒక రంధ్రము, దానికొక బిరడా ఉంటాయి. ఆ బిరడా పెట్టడము మరచి పడవను దించి, చూస్తూ ఉండగానే ముంచుకొన్నవారు ఉన్నారట. మా మనవడి ఉద్యోగము అదే. బిరడా బిగించి, "పెట్టాను నాన్నా" అని పైకి అరచి చెప్పవలెను. వెనుక కట్టిన పట్టీలు విప్పారు గాని, పడవ ముక్కును పట్టిన పట్టీని నీటిలోనికి దిగువరకు విప్పలేదు. ముందే విప్పితే పడవ జారి సిమెంటు మీద పడుతుంది.

వెనుకకు నడపడములో మాత్రము మా అల్లుడు తికమకపడ్డాడు. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలరు ఎడమకు పోతుంది. మూడుసార్లు వంకర పోయినది. వెనుక వరుసలో మనుషులు వేచి ఉన్నారు. ఆ విద్య నాకు వచ్చును. ట్రాక్టరు ట్రాలీని ఇరుకు సందులో కళ్ళమునకు తోసినవాడిని కదా! "చేతిని స్టీరింగు అడుగున పట్టుకోండి. ట్రైలరు ఎటు పోవాలో చేయి అటే జరపండి. కొంచెము కొంచెముగా" అన్నాను. నాలుగవసారికి సూటిగా దిగినది. మా ఇంటావిడ నా వైపు చూచి నవ్వినది.

ఆ దినము చారల బాస్ చేపలు మూడు పడినవి. మంచుపెట్టెలో వేసుకొన్నాము. తిరిగి బయలుదేరునప్పుడు అల్లుడు పడవ బిరడా తీసి, లోపలి నీరంతా కార్చి, అడుగు భాగమును గుడ్డతో తుడిచాడు. ఎందుకని అడిగితే రేవు దగ్గరి బోర్డు చూపించాడు. జీబ్రా చారలు గల చిన్న ఆలిచిప్పలు ఉన్నవి. వ్రేలి గోరంత ఉంటాయి. ఆసియా, ఐరోపా ఖండములు కలిసే చోటి నీళ్ళలో పుట్టినవి. 1980 ల చివర ఓడల నీటితో అమెరికా చేరినవి. టెక్సాస్ రాష్ట్రములో మొట్టమొదట కనబడినది ఈ టెక్సోమాలోనే, 2009 లో. వాటి పిల్లలు కంటికి కనబడవు. ఒక పడవ అడుగున మిగిలిన దోసెడు నీటిలో దాగి, మరొక చెరువుకు చేరిపోతాయి. అక్కడ కోట్లుగా పెరిగి నీటి గొట్టములను పూడ్చివేస్తాయి. అందుకే 2014 జులై 1 నుండి ఆ రాష్ట్రమంతటా జలాశయమును విడిచే ప్రతి పడవ నీరు కార్చి వేయవలెనని నియమము. దూరపు దేశము నుండి వచ్చి మన కాలువలను కప్పివేసిన గుర్రపుడెక్కను చూచినవారికి ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు.

ఆ సాయంత్రము ఇంటికి వచ్చు దారిలో నేను ఒక సంగతి ఆలోచించాను. గుండు, గొలుసు, గ్రీజు, బిరడా, కనబడని ఆలిచిప్ప, ఇవన్నీ నడిపేవాని కంటికి కనబడనివే. అతడి కళ్ళు ముందు రోడ్డు మీద ఉంటాయి. కాని వెనుక వచ్చేది ఎవరి మీదికి పోయినా జవాబు చెప్పవలసినవాడు అతడే.

కాబట్టి ట్రాక్టరు ఉన్న నా సహోదరులారా, ఈ కొద్ది మాటలు మనసులో పెట్టుకోండి.

బస్తాలు గాని, ఇటుకలు గాని, చెరకు గాని వేయునప్పుడు రెండు చక్రముల ట్రాలీలో ఇరుసుకు ముందు వైపు కాస్త మొగ్గు ఉండునట్లు వేయించండి. ఎక్కించువారికి ఏది దగ్గరో అది కాదు, ట్రాలీకి ఏది క్షేమమో అది చూడండి.

పిన్నుకు చీల లేకుండా బయలుదేరవద్దు. తీగ, మేకు, పుల్ల చీల కావు. రెండు చీలలు కొని ఒకటి పనిముట్ల పెట్టెలో ఉంచుకోండి. దానితోపాటు ఒక గట్టి గొలుసు కూడా తగిలించండి.

గట్టు ఎక్కునప్పుడు, దిగునప్పుడు ట్రాలీ వెనుక ఎవరినీ నడవనివ్వవద్దు. ట్రాక్టరుకు ట్రాలీకి మధ్య ఇనుప కమ్మీ మీద పిల్లలను కూర్చోనివ్వవద్దు.

చీకటి పడితే ట్రాలీ వెనుక ఎర్రదీపము వెలగవలెను. అది లేని ట్రాలీని రోడ్డు పక్కన నిలిపి ఉంచితే, వెనుక నుండి మోటారు సైకిలు మీద వచ్చే కుర్రవాడికి అది కనబడదు. కనీసము వెలుగు పడితే మెరిసే ఎర్రని స్టిక్కర్లను వెనుక పలక మీద అంటించండి. వాటి ఖరీదు కొద్దిపాటిదే.

ఇంటిలోని తల్లులారా, పెద్దలారా, మీకొక మాట. తప్పు కనబడినప్పుడు "నాకెందుకులే" అని నావలె ఊరుకోవద్దు. మృదువుగా చెప్పండి. కుర్రవారలారా, పెద్దవారు చెప్పినప్పుడు మా అల్లుడివలె విని, ఒకసారి వెనుకకు వెళ్ళి చేతితో కదిలించి చూడండి.

మా ఊరికి తిరిగి వచ్చిన మరునాడు నేను మొదట చేసిన పని ఇది. మా తమ్ముని కుమారుడు ఇప్పుడు ట్రాక్టరు నడుపుచున్నాడు. వాడి ట్రాలీకి కొత్త గొలుసు, రెండు చీలలు, వెనుక పలకకు ఎర్రని స్టిక్కర్లు కొని ఇచ్చాను. వాటిని బిగించునప్పుడు ఆ కుంటి కాలి సోదరుడు వీధిలో వెళ్ళుచు ఆగి చూచాడు. "ఏమిటి మేష్టారూ, ట్రాలీకి అలంకారం చేస్తున్నారా?" అన్నాడు. నేను చెప్పాను. అతడు కొంచెము సేపు నిలబడి, గొలుసు కొసను చేతితో లాగి చూచి, "గట్టిగానే ఉంది లెండి" అని వెళ్ళిపోయాడు.

మీరు కూడా రేపు ఉదయము ట్రాక్టరు స్టార్టు చేయకముందు ఒకసారి వెనుకకు నడచి వెళ్ళి చూడండి. వచ్చే నెల మరల కలుసుకొందాము.